వదిన పెట్టని పేరు

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో ఉన్నాను. మరమగ్గాల కూలి మీద కార్మికులు పెట్టుకున్న సమావేశం జరుగుతోంది. "పొద్దుగాల చాయ్ తాగింది. జర పడుకుంట అన్నది. గంతేరా" అన్నాడు. వదినకు కిడ్నీలు చెడిపోయి రెండేళ్లవుతోంది. కరీంనగర్‌కు తీసుకుపోవడం, డయాలసిస్ చేయించి తీసుకురావడం ఇంట్లో మామూలు పనైపోయింది. తెలియనిదల్లా ఎప్పుడన్నదే. నోట్స్ మడిచి జేబులో పెట్టుకుని, వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కాను.

మరునాడు స్థానిక పేజీలో చిన్న వార్త వచ్చింది. జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్, అనారోగ్యంతో మృతి, పలువురి సంతాపం. తప్పు లేని వార్తే. అట్లాంటివి నేనూ చాలా రాశాను. అందులో పట్టని సంగతి ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పత్రికల్లో, డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లతో తెలుగు టైప్ చేసేవాళ్లం. ఆ అక్షరాలు కాగితం మీద చక్కగా ఉండేవి. అదే మ్యాటర్‌ను ఇంటర్నెట్‌లో పెడితే పిచ్చి గీతలయ్యేది. దాన్ని ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులోకి మార్చే ఒక కన్వర్టర్‌ను మా వదిన మొదలుపెట్టింది. అమ్మలేదు. కోడ్ మొత్తం అందరికీ కనిపించేటట్టు ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, తప్పు కనిపిస్తే చెప్పొచ్చు, చేతనైతే దిద్ది పంపొచ్చు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారని ఆమె నాకు చెప్పినప్పుడు, నేను విలేకరి బుద్ధితో మొదట అడిగింది ఒకటే. "వదినా, అందరూ చెయ్యి పెడితే ఆగమాగం కాదా?"

"నీ పేపర్ల ఎంతమంది చెయ్యి పెడ్తరు మర్దీ? గది ఆగమైతున్నదా?"

"అయితది అప్పుడప్పుడు."

"గదే. అప్పుడప్పుడే కావాలె. రోజూ కాకుంట చూసుడే నా పని."

ఆ చూసుకోవడం ఎట్లా ఉండేదో నేను దగ్గర్నుంచి చూశాను. కోరుట్లలో అన్నయ్య వాళ్లింటికి నేను జగిత్యాల నుంచి వారానికోసారైనా పోయేవాణ్ని. వదిన వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, దోసకాయ తరుగుతూ, ఎవరో పంపిన మార్పును పైకి చదువుతూ ఉండేది. పక్కన స్టీలు గ్లాసులో చాయ్, దాని మీద సాసరు మూత. చాయ్ ఎప్పుడూ చల్లారేది, ఆమె ఎప్పుడూ మళ్లీ వేడి చేసేది. అలా పంపే మార్పును ప్యాచ్ అంటారు. వచ్చిన ప్యాచ్ నచ్చినా నచ్చకపోయినా జవాబు ఒకే మాటతో మొదలుపెట్టేది: "పంపినందుకు దండాలు." ఆ తర్వాతే బాగోగులు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి జవాబు తప్పనిసరిగా తనే రాసేది. తప్పు అనే మాట వాడేది కాదు. "గిది నాకు సమజ్ కాలే, జర చెప్పుండ్రి" అనేది. సమాధానం చెప్పబోయి, పంపినవాళ్లే తప్పు కనుక్కునేవాళ్లు.

మొదట పనిచేసింది ఆమె దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి. సిరిసిల్లలో మగ్గాల ఇంటి పిల్లవాడు. అప్పటికి డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వదిన అతన్ని తమ్ముడూ అనేది, మేమంతా సిరిసిల్ల తమ్ముడు అనేవాళ్లం. అతను పంపినవి వరుసగా కొన్ని బాగున్నాక, కోడ్‌లో నేరుగా మార్పులు పెట్టే అధికారం అతనికీ ఇచ్చింది. దానితో పాటే ఒక నియమం పెట్టింది. ఎవరు రాసిన మార్పయినా సరే, ఇంకొకరు చూడకుండా లోపలికి పోకూడదు. రెండో కన్ను అనేది దాన్ని. ఈ నియమం తనకూ వర్తిస్తుందని ఆమే రాసి పెట్టింది.

రాయడం రానివాళ్లు కూడా ఆమె లెక్కలో పనిచేసినవాళ్లే. కోరుట్ల బస్టాండ్ దగ్గర పెళ్లికార్డులు చేసే డీటీపీ భాయ్ ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. ఓ రోజు వదిన బజారుకు పోతుంటే షాపులోంచే పిలిచాడు. "భాభీ, మీ సాఫ్ట్‌వేర్ పెండ్లికొడుకు పేరు తినేసింది. ఆళ్లు వచ్చి నన్ను తినేటట్టున్నరు."

వదిన నవ్వలేదు. "ఏం కొట్టినవ్, ఏం వచ్చింది, ఏం రావాలె? మూడూ చెప్పు భాయ్" అన్నది. బగ్, అంటే ప్రోగ్రాంలో దోషం, చెప్పడానికి ఎవరొచ్చినా ఆమె అడిగేది ఈ మూడే. చెప్పినవాళ్ల పేరు, దిద్దిన కన్వర్టర్‌ను విడుదల చేసేటప్పుడు రాసే వివరాల్లో ఉండేది. తన పేరు అక్కడ చూసుకుని, భాయ్ ఆ పేజీని ప్రింట్ తీసి షాపు అద్దానికి అంటించాడు.

విడుదల అంటే ఆమెకు పెళ్లి వంట లాంటిది. విడుదలకు కొన్ని రోజుల ముందు కొత్త పనులన్నీ ఆపేసేది. ఉన్న తప్పులు దిద్దడమే తప్ప కొత్త సౌకర్యం ఎంత మంచిదైనా తీసుకునేది కాదు. ఎవరైనా బతిమాలితే, "ఆకులేసినంక కొత్త కూర అనొద్దు" అనేది. ఆ రోజుల్లో నా పాత వార్తలన్నీ ఆమెకు పరీక్ష సరుకు. అందులోంచి వేసి చూసి, ఎక్కడ వత్తు ఎగిరిందో పట్టుకునేది. చివర్లో విడుదల వివరాలు నాకు చదివి వినిపించేది. "నీకు సమజైతే అందరికీ సమజైతది" అని కారణం కూడా చెప్పేది.

ఇక పేర్ల సంగతి. ఒక విడుదలలో అందరికంటే కష్టమైన తప్పును ఎవరు దిద్దితే, ఆ విడుదలకు పేరు పెట్టే హక్కు వాళ్లది. పేరు ఊరిదై ఉండాలి. మొదటిది సిరిసిల్ల తమ్ముడు తన అమ్మ పుట్టిన ఊరు కోనరావుపేట పెట్టాడు. అక్కడి నుంచి అది ఆనవాయితీ అయింది. రెండోది కొడిమ్యాల, ఆ ఊరి విద్యార్థి ఒకతను పెట్టాడు. కన్వర్టర్ తెరిస్తే కింద చిన్న అక్షరాల్లో ఆ పేరు కనిపిస్తుంది. నిర్వాహకురాలికి మాత్రం పేరు పెట్టే హక్కు లేదు. అది కూడా ఆమె పెట్టిన నియమమే. పని పంచేవాళ్లే పేరూ పెట్టుకుంటే మిగిలినవాళ్లకు ఏం మిగులుతుందని ఆమె వాదన.

వదిన పుట్టిన ఊరు గంభీరావుపేట. "నీ ఊరెప్పుడొస్తది వదినా?" అని నేను ఏడిపించేవాణ్ని.

"నేను పెట్టొద్దు గద. ఎవరన్న పెడ్తే చూస్త" అనేది. ఎవరూ పెట్టలేదు. ఎవరి ఊరు వాళ్లకుంటుంది.

మూడో విడుదల సమయానికి తెలంగాణ ఉద్యమం మా ఊళ్లన్నిటినీ రోడ్డు మీదికి తెచ్చింది. సమ్మెతో కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో ఉన్నాయి. వదిన జగిత్యాల లెక్చరర్ల శిబిరంలో దీక్షకు కూర్చుంది. తన స్కూటీ నంబర్ ప్లేట్ మీద ఏపీ అక్షరాల పైన టీజీ అని స్టిక్కర్ వేసుకుంది. కోరుట్లలో రోడ్డు మీద వంటావార్పు జరిగితే ఉల్లిగడ్డలు కోసింది ఆమే. నేను అక్కడ వార్త కోసం నిలబడితే, "రాసుకునుడు తర్వాత, గంజు పట్టు" అని వంట గిన్నె ఒక పక్క నా చేతికిచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాన్ని బట్టి కొందరు ఆమెకు ఉద్యమం పట్టదనుకున్నారు. అది నిజం కాదు.

జరిగింది ఇది. విడుదలకు అంతా సిద్ధమయ్యాక భాయ్ ఇంకో తప్పు చెప్పాడు. వదిన దిద్దింది. రెండో కన్ను కోసం సిరిసిల్ల తమ్ముడికి ఫోన్ చేస్తే అతను రాస్తారోకోలో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. కరెంటు ఉన్న కాసేపట్లోనే పని ముగించాలి. చిన్న మార్పే కదా అనుకుని, ఎవరికీ చూపించకుండా తనే లోపల పెట్టి విడుదల చేసింది. మరునాడు, ఆ కన్వర్టర్‌నే వాడే మా పత్రిక వెబ్‌సైట్‌లో నా బంద్ వార్త తెరిస్తే, వత్తులన్నీ ఒక అక్షరం ముందుకు జరిగి ఉన్నాయి. ఒక్క ఊరి పేరూ సరిగ్గా లేదు. డెస్క్ నుంచి నాకు ఫోన్, నా నుంచి వదినకు ఫోన్. ఆమె ఏ సాకూ చెప్పలేదు. విడుదలను వెనక్కి తీసుకుని, అందరికీ మెయిల్ పంపింది: "రెండో కన్ను లేకుంట నేనే పెట్టిన. తప్పు నాది. అయ్యేదాక పాతదే వాడుండ్రి." తన విషయంలో మాత్రం తప్పు అనే మాట వాడింది.

ఎక్కడ చెడిందో ఆమెకూ తమ్ముడికీ రోజులు గడిచినా అంతు చిక్కలేదు. ఒకటి దిద్దితే ఇంకొకటి చెడేది. అప్పుడు రేపల్లె నుంచి ఒక ప్యాచ్ వచ్చింది. పంపింది ఒక లెక్కల మాస్టారు. అంతకు ముందు చిన్నచిన్నవి పంపేవాడు, ఆయన్ను ఎవరూ చూసింది లేదు. ఆయన అక్షరాల వరుసను మార్చే భాగాన్ని మొత్తం కొత్తగా రాసి పంపాడు. నేను వెళ్లేసరికి వదిన శిబిరం నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అది చదువుతోంది.

"మస్తు సాఫ్ రాసిండు మర్దీ."

"ఎవరు? ఆంధ్రాయనా?"

"కోడ్‌ల గట్ల రాసిలేదు" అన్నది, తల ఎత్తకుండానే.

దాంతో తప్పు పోయింది. అంతకంటే కష్టమైంది ఆ విడుదలలో లేదు. కాబట్టి పేరు పెట్టే హక్కు రేపల్లె మాస్టారిది. పనిచేసేవాళ్లంతా మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టులో అందరూ ఊరుకున్నారు. ఆ మౌనం ఎటు పోతుందో వదినకు తెలుసు. ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అన్నయ్యా నేనూ అక్కడే ఉన్నాం.

"మేడం గారూ, ఏదో నాకు తోచింది చేశానండి. పేరు మాత్రం నాకొద్దు. మీకక్కడ ఇబ్బంది" అన్నాడాయన.

"ఇబ్బంది నాది సార్. పేరు మీది. పెట్టుండ్రి."

"పోనీ మీ వైపు ఊరేదైనా పెడదామంటారా?"

"మీ ఇష్టం. ఊరైతే చాలు."

"పెడితే మా ఊరే పెడతానండి. వేరేది పెడితే భయపడి పెట్టినట్టుంటుంది."

"గట్లనే సార్" అని వదిన ఫోన్ పెట్టేసింది. అన్నయ్య ఆమె వైపు చూసి, "శిబిరంల ఏమంటరో ఎరికేనా?" అన్నాడు. "శిబిరమోళ్లు కన్వర్టర్ వాడుతలేరు" అన్నది వదిన. కానీ చాయ్ వేడి చేయడానికి లేచి, గ్లాసును గట్టు మీదే మరిచి స్టవ్ వెలిగించింది.

మరునాడు సిరిసిల్ల తమ్ముడు బస్సుల్లేక బైక్ మీద వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"అక్కా, రోడ్డు మీద జై తెలంగాణ అంటవ్. గిక్కడ రేపల్లె పెడ్తవా?"

"లోపలికి రా. చాయ్ తాగు."

"నాకద్దు. గా పేరు తీసెయ్యి."

"రూలు పెట్టిన నాడు అందరికంటే ముందుగాల చెయ్యెత్తింది నువ్వే తమ్ముడూ."

"అప్పుడు గిట్లయితదని ఎరికనా?"

"గిట్లయిననాడు నిలవడెతందుకే రూలు. నీ మీదికి అచ్చిననాడు గూడ గదే నిన్ను కాపాడ్తది."

"మన పోరగాండ్లు జైళ్ల ఉన్నరక్కా" అన్నాడతను. వదిన లేచి గడప దగ్గరికి వచ్చింది. అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "అయితే నేను వేరే పోత" అన్నాడు.

"పో. పోయే హక్కున్నది. మనం కొట్లాడేది గూడ గందుకే గద" అన్నది.

ఓపెన్ సోర్స్‌లో ఇట్లా విడిపోవడానికి ఫోర్క్ అని పేరు. మొత్తం కోడ్ తీసుకుపోయి, వేరే పేరుతో, వేరే దారిలో నడుపుకోవచ్చు. అడ్డుకునే అధికారం ఎవరికీ లేదు. ఒకటే షరతు: ముందు పనిచేసినవాళ్ల పేర్లు తీసెయ్యకూడదు. తమ్ముడు వారంలోపే వేరే కన్వర్టర్ పెట్టాడు. కొడిమ్యాల అబ్బాయి కూడా అతనితోనే పోయాడు. ఇటు మిగిలింది వదిన, రేపల్లె మాస్టారు, తప్పులు చెప్పడానికి భాయ్. మూడో విడుదల రేపల్లె పేరుతోనే వచ్చింది. లిస్టులో ఆమె మీద వచ్చిన మాటలు ఇక్కడ రాయను. ఆమె వాటిల్లో దేన్నీ తొలగించలేదు.

ఆ నెలల్లో వదిన మాట్లాడటం తగ్గించింది. ఆమెకు భయం పేరు గురించి కాదు. "ఉన్నదే గిన్ని చేతులు. రెండు తావులైతే రెండూ ఎండిపోతయ్" అన్నది ఒకసారి. తమ్ముడి ఫోర్క్ తెరిచి ఆమె మొదట చూసింది పనిచేసినవాళ్ల పేర్లు. చివరిదాకా చదివి, "రేపల్లె సార్ పేరున్నది. తియ్యలే" అన్నది. ఆ పూట అన్నం సరిగ్గా తిన్నదని అన్నయ్య చెప్పాడు.

తర్వాత ఆమె చేసిన పని నేను ఇప్పటికీ తలచుకుంటాను. తమ్ముడి కన్వర్టర్‌లో ఒక తప్పు కనిపిస్తే, దిద్ది అతనికే ప్యాచ్ పంపింది, తన పేరుతోనే, కొత్తగా వచ్చినవాళ్లు పంపినంత పద్ధతిగా. ఏం కొట్టాను, ఏం వచ్చింది, ఏం రావాలి అని మూడూ రాసింది. అతను కొన్ని రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, తర్వాత జవాబిచ్చాడు. "పంపినందుకు దండాలు. దీనికి పరీక్ష జతచెయ్యలేదు. జతచేసి మల్ల పంపుండ్రి."

వదిన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "చూసినవా మర్దీ? నేను నేర్పిందే నాకు చెప్తున్నడు." చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. కూర్చుని, ఆ దిద్దుబాటు పనిచేస్తుందో లేదో చూపే పరీక్షను కూడా కోడ్‌లో రాసి మళ్లీ పంపింది.

రాష్ట్రం వచ్చింది. ఆ సంబరాలు నేను జగిత్యాలలో రాశాను, వదిన కోరుట్లలో ఆడింది. స్కూటీ మీద స్టిక్కర్ అప్పటికే వెలిసింది. ఆ ఏడాదే తమ్ముడి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "రెండు తావుల ఒక్కటే తప్పు దిద్దుతున్నం అక్కా. కలుపుదామా?" వదిన ఒప్పుకుంది. నియమం ప్రకారం అతని మార్పులన్నీ ఇంకొకరు చూడాలి. ఆ ఇంకొకరు రేపల్లె మాస్టారే కావాలని ఆమె పట్టుబట్టింది. ఆయన ప్రతి ఒక్కటీ చదివి, "తమ్ముడు గారూ, ఇక్కడొక్కటి చూడండి" అని రాసేవాడట. తమ్ముడు గారూ అనే మాటకు వదిన, తమ్ముడు చాలా కాలం నవ్వుకున్నారు.

జబ్బు బయటపడ్డాక ఆమె మొదట చేసింది తన అధికారాలు ఇద్దరికీ అప్పగించడం. విడుదల బాధ్యత తమ్ముడికి, రెండో కన్ను మాస్టారికి. "నేను లేకుంటే ఆగిపోయేది నేను చేసినట్టే కాదు" అన్నది. ఆ మాట నిజమే. విడుదలలు ఆగలేదు. ఆమెకు ఇష్టమైన చోట్ల పేర్లూ వచ్చాయి, పోయాయి. గంభీరావుపేట రాలేదు. చివరిసారి ఆసుపత్రి నుంచి వస్తుంటే కారులో నేను మళ్లీ ఏడిపించాను. కిటికీలోంచి చూస్తూ, "మా ఊరి తొవ్వ గిటు కాదు" అని మాత్రం అన్నది.

దినాలయ్యాక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. కొత్త విడుదలకు పరీక్ష కాపీ సిద్ధమైందనీ, పాత వార్తలు వేసి చూడమనీ చెప్పాడు. ఈసారి కష్టమైన తప్పు అతనే దిద్దాడు. పేరు పెట్టే హక్కు అతనిది. కోనరావుపేట తర్వాత అతనికి ఆ హక్కు రావడం ఇదే. తను నిర్వాహకుడు కదా, పెట్టొచ్చా అని మాస్టారిని అడిగాడట. "ఆ రూలు మేడం గారిది. ఈ ఒక్కసారికి పక్కన పెడదాం. రెండో కన్నుగా నేను చూశానని రాస్తాను" అన్నాడట ఆయన. రాశాడు కూడా. నేను చూశాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: ఇంకా రెండు తప్పులు మిగిలాయి, అవి అయ్యేదాకా విడుదల ఆపుదాం, మేడం గారైతే ఆపేవారు.

అందుకని అది ఇంకా విడుదల కాలేదు. నేను ఇప్పటికీ పాత కీబోర్డు మీదే టైప్ చేస్తాను. ఈ వ్యాసం కూడా అట్లాగే కొట్టి, ఆ పరీక్ష కాపీలో వేశాను. ఒకచోట వత్తు పక్కకు జరిగింది. ఏం కొట్టాను, ఏం వచ్చింది, ఏం రావాలి, మూడూ రాసి తమ్ముడికి పంపాను. దాంతో విడుదల ఇంకొంచెం వెనక్కి పోతుంది. పోనీ. కన్వర్టర్ కిటికీ మూయకుండా అట్లాగే ఉంచాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది: గంభీరావుపేట, పరీక్ష కోసం మాత్రమే.